56 ఎ.పి.ఓ. ఎక్కడుంది బాబూ?

ఘాజీ జలాంతర్గామి మునిగిన కథ విశాఖపట్నంలో తెలియనివారు ఉండరు. ఏటా డిసెంబరు 4న నేవీ డే విన్యాసాలు చూపించడానికి మనుమలను భుజాన ఎక్కించుకుని బీచ్ రోడ్డుకు వెళ్ళిన పెన్షనర్ మిత్రులు మనలో చాలామందే. 1996లో కట్టిన యుద్ధ విజయ స్మారకం, 2002లో ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి అందరూ చూసినవే. పుస్తకాలు వచ్చాయి, సినిమా కూడా వచ్చింది. ఇవన్నీ ఓడల కథలు, వాటిని నడిపిన అధికారుల కథలు. ఆ ఓడల్లో ఉన్నవారి ఇళ్ళల్లో ఆ రోజులు ఎలా గడిచాయో, పొయ్యి ఎలా వెలిగిందో, ఉత్తరం కోసం ఎవరు ఎంతసేపు ఎండలో నిలబడ్డారో ఎవరైనా రాస్తారేమోనని చాలా కాలం ఎదురు చూశాను. తపాలా శాఖలో పనిచేసినవాడిగా నేను చూసిన మేరకు నేనే రాస్తున్నాను.

1971లో నేను శృంగవరపుకోట సబ్ పోస్టాఫీసులో గుమాస్తాను. సర్వీసుకు వచ్చి రెండేళ్ళు. అప్పటికి విజయనగరం జిల్లా ఏర్పడలేదు, అది 1979లో వచ్చింది. శృంగవరపుకోట విశాఖపట్నం జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. అరకు వెళ్ళే బస్సు అక్కడ ఆగి, ఇంజనుకు నీళ్ళు పోయించుకుని, అనంతగిరి ఘాట్ ఎక్కేది. బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం మోసుకువచ్చే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం పూర్తయి అప్పటికి మూడు నాలుగేళ్ళే. కొండ దిగిన ఆ ఖనిజం విశాఖ హార్బరుకు, అక్కడి నుంచి జపానుకు పోయేది.

కొండవార ఊళ్ళ నుంచి సైన్యంలోకి వెళ్ళినవారు ఎక్కువ. కారణం దేశభక్తి ఒక్కటే అని నేను అనను. వానదేవుడి మీద ఆధారపడ్డ మెట్ట భూములు, ఇంటికి నలుగురైదుగురు కొడుకులు. నెల్లిమర్ల, చిట్టివలస జూటు మిల్లుల్లో చోటు దొరకనివాడు రైలెక్కి ఖరగ్‌పూర్ పోవాలి, లేదా రిక్రూటింగు వారి ముందు చొక్కా విప్పి నిలబడాలి. పదో తరగతి దాకా చదివిన గుంటడికి నేవీ మీద మోజు. సముద్రం చూడనివాడు కూడా తెల్ల బట్టలు చూసి వెళ్ళిపోయేవాడు. ఆర్మీలో చేరినవారిలో మద్రాసు రెజిమెంటుకు వెళ్ళినవారు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో శిక్షణ పొందేవారు. నేవీ బాయ్స్ శిక్షణ మాత్రం మన విశాఖలోనే, ఐ.ఎన్.ఎస్. సర్కార్స్‌లో జరిగేది. దాన్ని ఒరిస్సాలోని చిల్కాకు తరలించింది 1980లో.

యుద్ధం వల్ల విశాఖ ఖాళీ కావడం 1971లో కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యుజో నుంచి వచ్చిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పేలని బాంబు ఒకటి ఈనాటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. ఆ వారంలో పట్నం పట్నమంతా బండ్లు కట్టుకుని లోపలి ఊళ్ళకు వచ్చేసింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తును గుంటూరుకు మార్చారు, ఆ భవనాలు సైన్యం చేతికి వెళ్ళాయి. పాతపోస్టాఫీసు ప్రాంతంలో కాపురం ఉంటున్న మా అమ్మావాళ్ళు రెండు రోజులు బండిలో ప్రయాణం చేసి మా మేనత్తగారి ఊరు చేరారట. ఆవకాయ జాడీ వదలలేక ఒళ్ళో పెట్టుకుని వచ్చానని మా అమ్మ చెప్పేది. దానికి రెండు నెలల ముందే, ఫిబ్రవరి 15న, సింగపూరు జపాను వశమైంది. వేలకొద్దీ భారతీయ సిపాయిలు ఖైదీలయ్యారు. అందులో ఉన్నవారి ఇళ్ళకు ఉత్తరాలు ఆగిపోయాయి. బతికున్నదీ లేనిదీ తెలియక, బొట్టు ఉంచుకోవాలో తీయాలో తెలియక మూడేళ్ళకు పైగా గడిపిన ఆడవాళ్ళు ఈ కొండవార ఊళ్ళలో ఉండేవారని నా చిన్నతనంలో పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. 1971లో కౌంటరు దగ్గరికి వచ్చిన ముసలమ్మలకు ఆ జ్ఞాపకం ఉంది. అందుకే వాళ్ళ భయం మాకంటే పాతది.

1968 మార్చిలో విశాఖ కేంద్రంగా తూర్పు నౌకాదళ కమాండు వచ్చింది. 1971 నవంబరు 1న తూర్పు నౌకాశ్రేణి ఏర్పడింది. తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది దాకా శరణార్థులు వచ్చిపడ్డ ఏడాది అది. నవంబరు 15 నుంచి కవర్ల మీద మామూలు స్టాంపుతోపాటు 5 పైసల శరణార్థి సహాయ స్టాంపు అదనంగా అంటించాలన్నారు. కొత్త స్టాంపులు అచ్చయ్యేలోగా కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే 'రెఫ్యూజీ రిలీఫ్' అని ముద్ర కొట్టి ఇచ్చారు. ఆ 5 పైసలు ఎందుకో పల్లెటూరి వారికి చెప్పలేక మా నోరు నొప్పి పుట్టేది. "బిడ్డలు వొద్దన్న బిళ్ళ మావోడి ఉత్తరానికెందుకు నాయినా?" అని ఒకావిడ అడిగింది. ఆఫీసంతా నవ్వుకున్నాం.

నవంబరు రెండో పక్షం నుంచే నావికుల కుటుంబాలు ఊళ్ళకు రావడం మొదలైంది. అప్పట్లో క్వార్టర్లు అందరికీ దొరికేవి కావు. చిన్న ఉద్యోగుల భార్యలు చాలామంది మల్కాపురంలో, సింధియాలో షిప్‌యార్డు కార్మికుల ఇళ్ళ పక్క వాటాల్లో ఒక గది తీసుకుని ఉండేవారు. వెనక చమురు శుద్ధి కర్మాగారం ట్యాంకులు, ముందు హార్బరు. బాంబు పడితే మొదట పడేది అక్కడేనని చంటిపిల్లవాడికైనా తెలుసు. మగవాడు ఒక రాత్రి వచ్చి, సంచి సర్దుకుని, "మీ ఊరు వెళ్ళిపో" అని చెప్పి ఓడ ఎక్కేవాడు. ఓడ ఎక్కడికి వెళ్తోందో చెప్పడు. చాలాసార్లు అతనికే తెలియదు, తెలిసినా చెప్పకూడదు.

ఒక ట్రంకు పెట్టె, కిరసనాయిలు స్టవ్వు, చంకలో బిడ్డ. కోట బస్టాండులో దిగిన ఆ అమ్మాయిలను చూడగానే పోల్చుకోగలిగేవాళ్ళం. వారి కష్టాలు యుద్ధం కష్టాల్లా కనిపించేవి కావు. రేషను కార్డు పట్నంలో ఉంది, ఇక్కడ పంచదారా కిరసనాయిలూ ఇవ్వరు. పెద్దపిల్లకు బళ్ళో అర్ధ సంవత్సరం పరీక్షలు, ఇక్కడి బళ్ళో చేర్చుకోరు. పట్నంలో రెండేళ్ళు తన పొయ్యి తాను వెలిగించుకున్న కోడలు మళ్ళీ అత్తగారి వంటింట్లో మూలకు చేరాలి. గది ఖాళీ చేస్తే మళ్ళీ దొరకదని అద్దె మాత్రం అక్కడ కడుతూనే ఉండాలి. ఇన్ని మాటలూ మాకెలా తెలుసునంటే, మనియార్డరు ఫారం పూర్తి చేయించుకుంటూ వాళ్ళే చెప్పేవారు. పట్నంలో ఇంటద్దె పంపడానికి వచ్చేవారు మరి.

ఇక చిరునామాల సంగతి. సైన్యంలో ఉన్నవాడికి ఊరు ఉండదు, నంబరు ఉంటుంది. పేరు, నంబరు, దళం, కేరాఫ్ 56 ఎ.పి.ఓ. లేదా కేరాఫ్ 99 ఎ.పి.ఓ. నేవీ అయితే ఓడ పేరు, ఫ్లీట్ మెయిల్ ఆఫీసు. ఈ పద్ధతి కనిపెట్టినవాడు తెలివైనవాడు. దళం కాశ్మీరు నుంచి రాజస్థానుకు మారినా చిరునామా మారదు, శత్రువుకు ఆచూకీ దొరకదు. మేము కూడా 56 వాటిని ఢిల్లీ వైపు, 99 వాటిని కలకత్తా వైపు కట్టలు కట్టడమే కానీ ఆపైన ఏమవుతుందో ఎరుగం. అయితే తల్లికి కావలసింది ఊరు. "ఈ యాభయ్యారు ఎక్కడుంది బాబూ? రైల్లో వెళ్తే ఎన్ని రోజులు?" అని రోజూ ఎవరో ఒకరు అడిగేవారు. మా సబ్ పోస్టుమాస్టరు గారు పెద్దవారు, ఓపికమంతులు. "అది దేశమంతా ఉందమ్మా" అనేవారు. అంతకన్నా సరైన జవాబు ఇప్పటికీ నాకు తోచదు. అయితే ఆడవాళ్ళు ఈ లోగా ఒక సంగతి తామే కనిపెట్టారు. 99 అంటే తూర్పు, అంటే బంగ్లాదేశ్ వైపు, అంటే యుద్ధం అక్కడే. 56 వచ్చినవాళ్ళు 99 వచ్చినవాళ్ళను చూసి జాలిపడేవారు. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పడమటి విమానాశ్రయాల మీద దాడి చేశాక ఆ జాలికి అర్థం లేకుండా పోయింది.

మనియార్డర్ల కథ దీనికంటే పెద్దది. సైనికుడు తన జీతంలో కొంత భాగం ఇంటికి ఎలాట్‌మెంటు రాసి పెడతాడు. ఆ సొమ్ము అతను స్వయంగా పంపేది కాదు, పే ఆఫీసు నుంచి నెలనెలా మనియార్డరుగా వస్తుంది. పెళ్ళికి ముందు తండ్రి పేరున రాసి ఉంటాడు. పెళ్ళయ్యాక భార్య పేరుకు మార్చాలి. మార్చితే తండ్రికి కోపం, మార్చకపోతే భార్యకు పస్తు. మా కౌంటరు ముందు ఈ తగాదా ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. మామగారు వేలిముద్ర వేసి డబ్బు తీసుకుని మొలలో దోపుకుంటుంటే, రెండు గజాల దూరంలో కోడలు కొంగు నోట్లో పెట్టుకుని నిలబడి ఉండేది. చట్టప్రకారం ఎవరి పేరున వస్తే వారికే ఇవ్వాలి, మనం చేయగలిగిందేమీ లేదు. కొందరు మామలు ధర్మాత్ములు, ఆఫీసు మెట్ల మీదే సగం లెక్కపెట్టి కోడలి చేతిలో పెట్టేవారు. అందరూ కాదు.

మనియార్డరు ఫారం అడుగున కూపను ఉంటుంది కదా, పంపినవారు రెండు మాటలు రాసుకునే చోటు. పే ఆఫీసు మనియార్డరు కూపను మీద నంబరు, నెల పేరు తప్ప ఏమీ ఉండవు. అయినా ఆ కూపను చింపి ఇవ్వకపోతే ఊరుకునేవారు కాదు. అతని నంబరు దాని మీద ఉంది, అంతే చాలు. ఒకమ్మాయి ఆ కూపన్లన్నీ పసుపు రాసిన దారంతో గుచ్చి దాచుకుంది. డిసెంబరు మొదటి వారంలో ఆ మనియార్డర్లు వచ్చినప్పుడు ఊళ్ళోకి పండగ వచ్చినట్టయింది. డబ్బు వచ్చిందంటే మనిషి క్షేమం అని వాళ్ళ లెక్క. ఆ సొమ్ము ఎక్కడో లెడ్జరులోంచి వస్తుందనీ, మనిషి క్షేమానికీ దానికీ సంబంధం లేదనీ మాకు తెలుసు. అడగనివారికి మేము చెప్పలేదు. అడిగిన ఒకరిద్దరికి పోస్టుమాస్టరు గారు, "డబ్బు వచ్చింది, తీసుకోండి తల్లీ" అని మాట మార్చేవారు.

కొండవార ఊరి నుంచి ఒక తల్లి వారానికి రెండుసార్లు వచ్చేది. కొడుక్కి పదహారేళ్ళు, విశాఖలో బాయ్స్ ట్రైనింగులో ఉన్నాడు. కోట నుంచి బస్సులో రెండు గంటల ప్రయాణం. అంతకుముందు ఆదివారాల్లో అరిసెలు పట్టుకుని వెళ్ళి, గేటు బయట కూర్చుని, అనుమతి దొరికితే అరగంట చూసి వచ్చేదట. యుద్ధ సన్నాహాలు మొదలయ్యాక సెలవులూ లేవు, చూడనివ్వడమూ లేదు. అబ్బాయి ఉత్తరం రాసేవాడు కానీ పరేడు బాగుంది, భోజనం బాగుంది, పళ్ళు తోముకుంటున్నాను అనే రాసేవాడు. "ఆడు యుద్దానికెల్లిపోతాడేటి బాబూ?" అని ఆమె ప్రశ్న. శిక్షణ కుర్రాళ్ళను పంపరమ్మా అని మా ధైర్యం కొద్దీ చెప్పేవాళ్ళం. దగ్గరలో ఉండి చూడలేకపోవడం దూరాన ఉండి చూడలేకపోవడం కన్నా కష్టమని ఆమెను చూశాక అర్థమైంది.

డిసెంబరు 3 రాత్రి నుంచి దేశమంతటా ఎమర్జెన్సీ. కిటికీ అద్దాలకు నల్ల కాగితం, బస్సు లైట్లకు సగం నల్లరంగు. పట్నంలో సైరను మోగితే కందకాల్లోకి దిగాలని వార్డెన్లు చెప్పేవారు. కోటలో కందకాలు తవ్వినవారు తక్కువ కానీ వీధి దీపాలు ఆర్పేశారు. ఘాట్ పైన ఉన్న ఊళ్ళకు ఈ ఉత్తర్వు చేరినప్పుడు అక్కడి బ్రాంచి పోస్టుమాస్టరు ఒకాయన, "మాకు ఉన్నదే గుడ్డి దీపం, అదీ చమురుంటేనే వెలుగుతుంది, ఏది ఆర్పమంటారు?" అన్నాడు.

ఆ అర్ధరాత్రి ప్రధాని ఇందిరా గాంధీ రేడియోలో మాట్లాడతారని అందరూ మేలుకుని ఉన్నారు. విశాఖలో అదే వేళకు సముద్రం మీద పెద్ద పేలుడు వినిపించి, ఒడ్డున ఉన్న ఇళ్ళ కిటికీలు అదిరాయి. హార్బరు ముఖద్వారానికి దగ్గర్లోనే ఘాజీ మునిగింది. మన రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ చార్జీల వల్ల మునిగిందని మనవాళ్ళూ, తాను వేసిన మైన్లు తగిలి ప్రమాదవశాత్తూ మునిగిందని పాకిస్తాన్ వారూ చెబుతారు. ఆ వాదం జోలికి నేను పోను. అందులో ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ మిగల్లేదు. నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరిన ఆ ఓడ నుంచి కబురు ఆగిపోయాక, అక్కడి తపాలా కౌంటర్ల దగ్గర కూడా ఎవరో ఇలాగే నిలబడి ఉంటారు. ఆ రాత్రి మల్కాపురంలో ఉండిపోయిన ఒకావిడ రెండో రోజు కోట చేరి, తలుపు గడియ దానంతటదే ఊడిపోయిందనీ, పిల్లలను మంచం కిందికి తోసి తెల్లవార్లూ కూర్చున్నాననీ చెప్పింది. మునిగింది మన ఓడా, వాళ్ళ ఓడా అన్నది డిసెంబరు 9న ప్రభుత్వం ప్రకటించేదాకా ఆమెకు తెలియదు. ఆ అయిదారు రోజులు ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, తపాలా తంతి శాఖల మిత్రులకు ఆసక్తిగా ఉంటుంది. ఘాజీ వెతుకుతున్నది విమానవాహక నౌక విక్రాంత్‌ను. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు వెళ్ళిపోయింది. అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించడానికి తూర్పు కమాండు అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఒక పన్నాగం పన్నారు. విశాఖలో కాంట్రాక్టర్ల దగ్గర వెయ్యిమందికి పైగా ఉన్న ఓడకు సరిపడా మాంసం, కూరగాయలు ఆర్డరు చేయించారు. రాజ్‌పుత్‌ను సముద్రంలోకి పంపి విక్రాంత్‌లా సందేశాలు ఇప్పించారు. అందులో ఒకటి సొంత టెలిగ్రాం లాంటిది. విక్రాంత్ మీది నావికుడెవరో, జబ్బుగా ఉన్న తన తల్లి ఎలా ఉందని అడుగుతున్నట్టు, రహస్య సంకేతం లేకుండా పంపించారు. వినేవాడు విని నమ్మాలని. 1982లో వచ్చిన తన ఆత్మకథలో కృష్ణన్ గారే ఇది రాశారు.

అది చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఎత్తు గొప్పదే, దానివల్ల విక్రాంత్ క్షేమంగా ఉంది, అందులో మన ప్రాంతం కుర్రాళ్ళూ ఉండి ఉండవచ్చు. శత్రువు దేన్ని నమ్ముతాడో ఆయన సరిగ్గా పట్టుకున్నారు. కొడుకు తల్లిని గురించి అడిగితే ఎవరైనా నమ్ముతారు. కానీ ఆ డిసెంబరులో కోట పోస్టాఫీసు అరుగు మీద కూర్చున్న తల్లుల్లో ఒక్కరికి కూడా అలాంటి టెలిగ్రాం రాలేదు. నిజమైన కొడుకులకు టెలిగ్రాం ఇచ్చే వీలు లేదు. ఓడలు మౌనంగా ఉండాలి, ఇళ్ళు కూడా మౌనంగా ఉండాలి. మా ఆయన ఫలానా ఓడ, ఫలానా రోజు వెళ్ళింది అని నూతి దగ్గర అనకూడదని ఆ అమ్మాయిలకు మగవాళ్ళు చెప్పి వెళ్ళారు. పదిమందిలో మాట జారే వయసులో ఉన్నవాళ్ళు, ఇరవై ఏళ్ళు నిండనివాళ్ళు. అత్తగారు గుచ్చి గుచ్చి అడిగినా "నాకు తెలీదత్తా" అన్నవాళ్ళను నేను ఎరుగుదును. ఈ మౌనాన్ని యుద్ధ చరిత్రలో ఏ పద్దు కింద రాస్తారో నాకు తెలియదు.

డిసెంబరు 9 రాత్రి పడమటి సముద్రంలో, డయ్యూ దగ్గర, మన ఖుక్రీ నౌకను పాకిస్తాన్ జలాంతర్గామి ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోపాటే మునిగిపోయారు. ఆ వార్త రేడియోలో వచ్చిన రోజు మా ఆఫీసు తెరిచేసరికి అరుగు నిండా ఆడవాళ్ళు. ఓడ పేర్లు వాళ్ళకు నోరు తిరగవు. చేతుల్లో పాత కవర్లు పట్టుకుని వచ్చారు, వెనక రాసిన ఓడ పేరు అదేనేమో చూడమని. నేనూ మా పోస్టుమేనూ ఒక్కొక్క కవరూ తీసుకుని చదివి, "ఇది కాదమ్మా, ఇది వేరే ఓడ" అని చెప్పాం. ఆ పూట కౌంటరు పని గంటన్నర ఆలస్యంగా మొదలైంది. ఎవరూ సంజాయిషీ అడగలేదు.

అప్పట్లో టెలిగ్రాం అంటే చావు కబురు అనే అర్థం. తంతి యంత్రం 'కట్టు కడ' అంటూ కొట్టుకోవడం మొదలైతే అరుగు మీద మాటలు ఆగిపోయేవి. పెళ్ళి శుభాకాంక్షలైనా సరే. ఆ యుద్ధంలో మా ఆఫీసు పరిధిలో ఒకే ఒక టెలిగ్రాం అలాంటిది వచ్చింది. తూర్పు వైపు పోరాడిన ఒక సిపాయి. అది తీసుకుని మెసెంజరును పంపకుండా పోస్టుమాస్టరు గారే, ఊరి మునసబును వెంటబెట్టుకుని సైకిలు మీద వెళ్ళారు. తర్వాత పది రోజులకు అతని ఉత్తరం వచ్చింది. కేరాఫ్ 99 ఎ.పి.ఓ., రాసిన తేదీ డిసెంబరు 2. దాన్ని బట్వాడా చేయాలా, కొన్నాళ్ళు ఆపాలా అని మా పోస్టుమేను అడిగాడు. ఉత్తరం ఎవరిదో వారికి చేర్చడమే మన పని అన్నారు పోస్టుమాస్టరు గారు. చేర్చాం. దొడ్లో వంగమొక్కలకు నీళ్ళు పోస్తున్నారా అని అడిగాడట అందులో.

యుద్ధం ముగియడానికి రెండు రోజుల ముందు, అరకు సబ్ ఆఫీసులో గుమాస్తా సెలవు పెడితే నన్ను డెప్యుటేషను మీద పంపారు. డిసెంబరు చలి, పొగమంచులో పది గంటల దాకా ఎదుటి మనిషి కనిపించడు. సంతనాడు పోస్టాఫీసు కిటకిటలాడేది. అడ్డాకులు, చింతపండు, పిప్పళ్ళు అమ్ముకుని, ఉప్పూ కిరసనాయిలూ కొనుక్కుని, పోతూ పోతూ ఉత్తరం అడిగిపోయేవారు. ఒక ముసలామె వచ్చింది. ఆదివాసీ ఒడియా తప్ప వేరే మాట రాదు. టీ దుకాణం కుర్రాడు తెలుగు చేసి చెప్పాడు. కొడుకు మద్రాసు రెజిమెంటులో ఉన్నాడు, వెల్లింగ్టన్‌లో ట్రైనింగు అయింది. అక్కడా కొండలే, అక్కడా చలే, మనలాంటి ఊరే అని రాశాడట, అది విని ఆమెకు నిశ్చింత. తర్వాత ఎక్కడికో పంపారు, ఇప్పుడు ఉత్తరం మీద నంబరు మాత్రమే ఉంది. "అక్కడ కూడా కొండలేనా?" అని ఆమె అడిగింది. నంబరు 56. కాశ్మీరో, రాజస్థానో, పంజాబో. "కొండలే" అన్నాను.

డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన వార్త ఆ టీ దుకాణం ట్రాన్సిస్టరులోనే విన్నాం. రైల్వే వారు, కాఫీ తోటల ఉద్యోగులు మిఠాయిలు పంచుకున్నారు. ఆ ముసలామె కొడుకు 1972 ఎండాకాలంలో సెలవు మీద వచ్చాడని తర్వాత తెలిసింది.

పెన్షనర్ మిత్రులకు చివరి సంగతి ఒకటి. టెలిగ్రాం వచ్చిన ఆ ఇంటి కోడలి పింఛను వ్యవహారం మా కళ్ళముందే నడిచింది. 1971 యుద్ధంలో చనిపోయినవారి కుటుంబాలకు ప్రభుత్వం 1972లో ఉదారంగా పింఛను ప్రకటించింది, అది నిజం. కానీ కాగితాలు ఎవరు పుట్టిస్తారు? పెళ్ళికి రుజువు అడిగారు. పల్లెలో పెళ్ళికి రుజువు పందిరి వేసిన ఊరే. కరణం ఒక వయసు రాశాడు, సైన్యం రికార్డులో భర్త వేరొకటి రాసి ఉన్నాడు. పేరులో ఒక అక్షరం తేడా. ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి కాగితం తిరిగింది, ఏడాది దాటింది. మా పోస్టుమాస్టరు గారే అర్జీలు రాసిపెట్టేవారు, నేను నకళ్ళు రాసేవాణ్ణి. చివరకు కోట సబ్ ట్రెజరీలో మొదటి పింఛను అందుకున్న రోజు ఆమె పోస్టాఫీసుకు వచ్చి, పాత అలవాటు కొద్దీ కూపను అడిగింది. ట్రెజరీలో కూపను ఇవ్వరమ్మా అని చెప్పాం.

ఆమెకు అప్పటికి ఇరవై రెండేళ్ళు. మళ్ళీ పెళ్ళి మాట వచ్చింది. భర్త సొంత తమ్ముణ్ణి చేసుకుని అదే ఇంట్లో ఉంటే పింఛను ఆగదు, బయటివాణ్ణి చేసుకుంటే ఆగుతుంది అనే నిబంధన అప్పట్లో ఉండేది. తర్వాతి కాలంలో సడలించారు. సొమ్ము ఇల్లు దాటకూడదన్న మామగారి ఆలోచనా, సర్కారు వారి ఆలోచనా ఒక్కటే కావడం నాకు అప్పుడూ వింతగానే తోచింది. మరిదికి పద్నాలుగేళ్ళు. ఆమె ఎవరినీ చేసుకోలేదు.

టెలిగ్రాం సర్వీసును 2013 జూలైలో మూసేశారు. అరకు, అనంతగిరి ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. ఇప్పుడు సరిహద్దులో ఉన్న కుర్రాడు వీడియోలో తల్లికి ముఖం చూపించగలుగుతున్నాడు. అయినా ఎక్కడున్నదీ చెప్పడు, ఆమె అడగడమూ మానదు.

మన సంఘ సభ్యుల ఇళ్ళలో, ముఖ్యంగా కొండవార ఊళ్ళలో స్థిరపడినవారి ఇళ్ళలో, ఆనాటి 56, 99 ఎ.పి.ఓ. కవర్లు, రెఫ్యూజీ రిలీఫ్ స్టాంపు ఉన్న కవర్లు, ఎలాట్‌మెంటు కూపన్లు ఇంకా ఉండే అవకాశం ఉంది. ట్రంకు పెట్టె సర్దేటప్పుడు పాత కాగితాల వాడికి వేయవద్దు. కోడళ్ళకు, మనుమరాళ్ళకు చూపించి, ఎవరు ఎవరికి రాశారో వెనక పెన్సిలుతో రాసి ఉంచండి. జిరాక్సు తీసి సంఘం ఆఫీసుకు పంపితే వచ్చే సంచికలో వేసుకుందాం. అసలు కాగితాలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.